బల్ల తనను తాను చెక్కుకున్న వేసవి

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై నాలుగేళ్ళు నిండాక, చర్చి పక్క గదిలో, నాకంటే ముప్పై ఏళ్ళు చిన్నదైన టీచరమ్మ దగ్గర. అందుకని రాతలో తప్పులుంటాయి. ఒక్కో పేజీకి నాకు ఒక పూట పడుతుంది. ఒక మాట రాసేలోగా తర్వాతి మాట ఎటో పోతుంది, దాన్ని మళ్ళీ వెతికి తెచ్చుకోవాలి. మీ జీవితంలో ఏదో ఒక కాలం గురించి రాసుకురండి అంది టీచరమ్మ. మిగతావాళ్ళు పెళ్ళిళ్ళ గురించి రాశారు. నేను ఇనుము చెక్కే షేపర్ మిషను గురించి రాస్తున్నాను.

అది 1965 వేసవి. మా ఊరు మరీన్యా గ్రాండ్‌లో సగం మంది గాజు ఊదేవాళ్ళు, మిగతా సగం ఆ గాజుకు ఇనుప అచ్చులు చేసేవాళ్ళు. నా భర్త ఆదెలీనో అచ్చుల పనివాడు. ఒక కార్ఖానాలో పద్నాలుగేళ్ళు ఆకురాయి పట్టి ఇనుము అరగదీశాడు. అచ్చు అంటే పోత ఇనుముతో చేసిన రెండు సగాలు. మూస్తే లోపల జాడీ ఆకారంలో ఖాళీ మిగులుతుంది, అందులో గాజు ఊదుతారు. ఆ రెండు సగాల ముఖాలు వెంట్రుకవాసి సందు లేకుండా కలవాలి. సందుంటే గాజు అందులోకి చొరబడి జాడీ ఒంటి మీద గీతలా మిగిలిపోతుంది. ఆ ఏడు వసంతంలో కార్ఖానాకు కొత్త మిషన్లు వచ్చాయి. ఆకురాయి పట్టేవాళ్ళను ఇంటికి పొమ్మన్నారు.

ఆదెలీనో తమ్ముడు అర్మాందో అప్పటికే ఫ్రాన్స్‌లో ఉన్నాడు. కాగితాలు లేకుండా, దొంగదారిన కొండలు దాటి పోయాడు. "నువ్వూ వచ్చెయ్, దారి చూపే మనిషితో మాట్లాడి రాస్తాను" అని కబురు పంపాడు. మా వీధిలో ఏడిళ్ళలో అప్పటికే మగవాళ్ళు లేరు. రెండేళ్ళలో వస్తామని పోయినవాళ్ళ పిల్లలు, ఫొటోలో ఉన్న మనిషిని చూపించి నాన్న అనడం నేర్చుకున్నారు.

ఆదెలీనో వెంటనే పోలేదు. కార్ఖానా పాత షేపరొకటి తుక్కులోకి పోతుంటే ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చాడు. పెట్టడానికి చోటు లేదు. పందిని అమ్మేసి, దాని కొట్టాన్ని నాలుగు రోజులు కడిగి, సున్నం కొట్టి అందులో నిలబెట్టాం.

మా మామయ్య జసీంతో కొట్టం గుమ్మంలో నిలబడి మిషన్ని కింది నుంచి పైదాకా చూశాడు. ఆయనదీ ఆకురాయి పనే, నలభై ఏళ్ళు.

"పందైతే క్రిస్మస్‌కి తినేవాళ్ళం. దీన్నేం చేస్తావురా, పులుసు పెడతావా?"

"ఇదే మనకి తిండి పెడుతుంది నాన్నా."

"నా చేతులు పెట్టలేదూ? వీటికి కరెంటు బిల్లు కూడా లేదు."

వారం తిరక్కుండా ఆదెలీనో గస్పార్ మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు. ఊరి చివర చిన్న గాజు కొలిమి ఒకటి ఉండేది, దానికి ఆయనే పెద్ద. తిరిగొచ్చి సూప్ తాగుతూ చెప్పాడు.

"సెప్టెంబరులో కొలిమి మళ్ళీ వెలిగిస్తారంట. అప్పటికి తేనె జాడీకి ఒక అచ్చు చేసి తెమ్మన్నాడు. సందు లేకుండా మూసుకుంటే ఏడాది పని నాదే."

"మూసుకోకపోతే?"

"మూసుకోకపోతే అర్మాందో దగ్గరికి పోతాను."

నేను ఇంకో ముక్క మొక్కజొన్నరొట్టె కోసి ఆయన ముందు పెట్టాను.

షేపర్ని చూడనివాళ్ళకు ఎలా చెప్పాలో తెలియదు. నా నడుమంత లావు ఇనుప దూలం ఒకటి పైన అడ్డంగా ఉంటుంది. అది ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది. అంతే, ఇంకేమీ చెయ్యదు. దాని ముక్కు దగ్గర ఒక టూలు బిగించి ఉంటుంది. దూలం ముందుకు పోయినప్పుడు ఆ టూలు కింద ఉన్న ఇనుము మీద ఒక గీత చెక్కుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు టూలు పట్టుకున్న చిన్న రెక్క పైకి లేస్తుంది, టూలు ఇనుమును రాసుకోకుండా తేలి వస్తుంది, మళ్ళీ టక్కున పడుతుంది. ముందుకు పోయేటప్పుడు నెమ్మది, వెనక్కి వచ్చేటప్పుడు తొందర. బరువు మోసుకుంటూ గట్టెక్కి, ఖాళీ చేతులతో దిగివచ్చే మనిషి నడకలా ఉంటుంది.

ఒక గీత అయ్యాక ఇనుము వెంట్రుకంత పక్కకు జరగాలి, అప్పుడే తర్వాతి గీత పడుతుంది. ఆ జరపడానికి బల్ల పక్కన పళ్ళచక్రం ఒకటుంది. దాన్ని తోసే ఇనుప నాలుక మా మిషన్లో విరిగిపోయి ఉంది. అందుకని ఎవరో ఒకరు పక్కన కూర్చుని, దూలం వెనక్కి వచ్చిన ప్రతిసారీ పిడి పట్టుకుని ఒక పన్ను తిప్పాలి.

"ఇదిగో పిల్లా, ఇలా కూర్చో" అన్నాడు ఆదెలీనో. "వెనక్కి వచ్చేటప్పుడే తిప్పు. ముందుకు పోయేటప్పుడు తిప్పావంటే టూలు విరుగుతుంది, దాంతో పాటు నేనూ విరుగుతాను."

అలా నేను పాలు పితికే పీట ఒకటి వేసుకుని కూర్చున్నాను. మొదటిరోజు భయంతో పిడిని రెండు చేతులా పట్టుకున్నాను. రెండోరోజు మధ్యాహ్నానికి ఒక చెయ్యి చాలింది. మూడోరోజు నేను చూడటం మొదలుపెట్టాను. గరుకుగా, నల్లగా, నిప్పులోంచి తీసినట్టున్న ఇనుము మీద ఒక్కొక్క గీత పడుతోంది. గీత పక్కన గీత, గీత పక్కన గీత. ఆ గీతలన్నీ కలిసి, చివరికి, గీతలు కాకుండా పోయాయి. చదునైన ఒక వెండి రంగు నేల మిగిలింది. కిటికీ అందులో కనిపించింది. అంత మొండి వస్తువు, ఒక గీతను వెయ్యిసార్లు గీసి, అద్దంలాంటిదాన్ని చేసింది. నేను చర్చిలో కూడా అంతసేపు నోరు మూసుకుని కూర్చోలేదు.

టూళ్ళు ఆదెలీనోయే చేసేవాడు. లారీ స్ప్రింగు ముక్కను కమ్మరి దగ్గర కాల్చి, బాతు మెడలా వంచి, దాని కొనకు గట్టి ఉక్కు ముక్క బిగించేవాడు. ఎందుకంత వంపు అని అడిగాను.

"బరువెక్కువైతే తిన్నని టూలు కిందికి గుచ్చుకుంటుంది. వంపుంటే వెనక్కి వంగి తప్పుకుంటుంది."

"మీ నాన్నకి కూడా ఒకటి చేసిపెట్టు" అన్నాను. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

జూలై చివరికి రెండు సగాలూ తయారయ్యాయి. బల్ల మీద బిగించి ఉండగా స్టీలు పట్టీ పెట్టి చూశాం. ఎక్కడా తేడా లేదు. బోల్టులు విప్పి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాం. నడుమ సన్నటి వెలుగు చీలిక.

ఆదెలీనో మళ్ళీ బిగించి మళ్ళీ చెక్కాడు. బిగించినంతసేపూ సరిగ్గా ఉంది. విప్పితే వెలుగు. టూలు మార్చాడు, మళ్ళీ సాన పట్టాడు. వెలుగు అలాగే ఉంది. ఆగస్టు వచ్చేసింది. చెక్కేకొద్దీ ఇనుము పలచబడుతోంది. ఇంకో రెండు మూడు సార్లు చెక్కితే అచ్చు కొలతకు తగ్గిపోతుంది.

"అమ్మాయి చెయ్యి సరిగా తిప్పడం లేదేమోరా" అన్నాడు మామయ్య.

"తను సరిగ్గానే తిప్పుతోంది."

"మరయితే ఇటు ఇవ్వు, ఆకురాయి పడతాను."

ఇద్దాం అనే అనుకున్నాం కూడా. కానీ మామయ్య చేతులు గ్లాసు పట్టుకున్నా వణికేవి. ఆయనకూ తెలుసు. ఆకురాయి తీసుకుని, చూసి, మళ్ళీ మేకుకు తగిలించేశాడు.

ఒకరోజు పొద్దున బోల్టులు విప్పే పని నాది. ఇనుము పెట్టేముందు బల్లను నూనెగుడ్డతో తుడుస్తాను కాబట్టి, బిగించాక ఇనుము అంచు చుట్టూ నూనె సన్నటి గీతలా బయటికి వచ్చి నిలబడుతుంది. రోజూ చూసేదే. ఆ రోజు ఆఖరి బోల్టు వదులు చేస్తుంటే ఆ నూనె గీత కదిలింది. మెల్లగా, ఇనుము కిందికి, లోపలికి పోయింది. ఎవరో పీల్చినట్టు.

బోల్టు మళ్ళీ బిగించాను. నూనె బయటికి వచ్చింది. వదులు చేశాను. లోపలికి పోయింది.

"ఆదెలీనో, ఇటు రా. ఇది ఊపిరి పీలుస్తోంది."

"ఏది?"

"ఇనుము."

గుమ్మంలో చిక్కుడుకాయలు వలుస్తున్న మామయ్య తల పైకెత్తాడు. "ఊపిరి పీలుస్తోందా? ఇంకేం, ముద్ద కూడా పెట్టు. పంది కొట్టంలో ఉన్నందుకు పందైపోయినట్టుంది."

ఆదెలీనో నవ్వలేదు. వంగి, గడ్డం బల్లకు ఆనించి, నా చేత బోల్టు ఆరుసార్లు తిప్పించాడు. తర్వాత ఇనుము తీసి పక్కన పెట్టి, బల్ల మీద స్టీలు పట్టీ నిలబెట్టి, దాని కింద నుంచి కిటికీ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"బల్ల గుంట పడింది" అన్నాడు. "నడుమ. మనం బిగిస్తే ఇనుము ఆ గుంటలోకి వంగుతోంది. వంగినదాన్ని మనం చదునుగా చెక్కుతున్నాం. విప్పగానే అది తన ఆకారానికి తను లేస్తోంది."

"అంత మొండి ఇనుము వంగుతుందా?" అన్నాను.

"వంగుతుంది. అందరూ వంగుతారు."

బల్లను కార్ఖానాకు పంపి బాగు చేయించే వీలు లేదు. ఒకటే దారి ఉందని కార్ఖానాలో విన్నాడట. మిషను టూలుతోనే మిషను బల్లను చెక్కాలి. దూలం ఎంత సూటిగా నడుస్తుందో బల్ల అంత సూటిగా తయారవుతుంది. కానీ అది ఒక్కసారే చేసే పని. టూలు పట్టేసిందంటే బల్ల పగులుతుంది. పగిలితే ఆ మిషను మళ్ళీ తుక్కే.

"మిషను తన ఒళ్ళు తనే కోసుకోవాలా? ఏ దేశంలో విన్నావురా ఇది?" అన్నాడు మామయ్య.

రెండు రోజులు ఆదెలీనో ఆ బల్ల చుట్టూ తిరిగాడు. బోల్టుల కోసం దాని మీద పొడవాటి గాడులు మూడున్నాయి. ఆ గాడుల అంచుల దగ్గర టూలు ఒక్కసారి గాలిలోకి దూకి మళ్ళీ ఇనుము మీద పడుతుంది. పోత ఇనుము అంచులో పెళుసు, బిస్కెట్టు ముక్కలా రాలుతుంది. దానికే భయపడుతున్నాడు.

మూడోరోజు పొద్దున కొట్టంలోంచి కీచుమని చప్పుడొస్తే వెళ్ళి చూశాం. మామయ్య బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు మోచేతులూ బల్లకు ఆనించి, గాడుల అంచులను ఆకురాయితో ఏటవాలుగా రుద్దుతున్నాడు. మోచేతులు ఆనించడం వల్ల చేతుల వణుకు ఆగింది.

"ఏటవాలుగా ఉంటే రాలదు" అన్నాడు మా వైపు చూడకుండా. "మిషన్లకి ఈమాత్రం తెలివి కూడా మేమే చెప్పాలి. పొయ్యి మీద కాఫీ పెట్టండి ఎవరైనా."

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాం. ఆదెలీనో టూలును సానరాయి మీద పట్టి, తర్వాత నూనెరాయి మీద గంటసేపు మెల్లగా రుద్ది, గోటి మీద పెట్టి చూసుకున్నాడు. గోరు పొట్టు లేచింది. చాలన్నాడు. మోటారు వేశాడు. నేను పీట మీద కూర్చున్నాను.

మొదటి పొర. బల్ల అంచు దగ్గర టూలు ఇనుమును పట్టింది, బరబరమని చెక్కింది. నేను పన్ను తర్వాత పన్ను తిప్పాను. నడుమకు వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది. దూలం నడుస్తోంది, టూలు పోతోంది, కానీ కింద ఏమీ లేదు. గాలి. అంత పెద్ద మిషను, అంత చదునుగా కనిపించే బల్ల, దాని నడుమ ఒక నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నేను పళ్ళు తిప్పుతూనే ఉన్నాను. అటు అంచు దగ్గర మళ్ళీ చప్పుడు మొదలైంది.

పొర తర్వాత పొర తీశాం. చెక్కిన చోట బల్ల తెల్లగా మెరిసింది. చెక్కని చోట నల్లటి మచ్చ మిగిలింది, పొర పొరకూ చిన్నదవుతూ. మామయ్య చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. ఈ మిషను ఆయన పనిచేసిన కార్ఖానాదే.

"ఇదిగో, ఈ పక్క లోతెక్కువ చూడు" అన్నాడు మచ్చ మీదుగా గాలిలో వేలు తిప్పుతూ. "ఇది సింప్లీసియో. వాడిది ఎడమచేతి వాటం. ఇనుమును కూర్చోబెట్టడానికి సుత్తితో ఎప్పుడూ ఇక్కడే కొట్టేవాడు, కొట్టొద్దురా అంటే వినేవాడు కాదు. ఈ పొడుగు గుంట పెద్ద సీసాల అచ్చులది. యుద్ధం రోజుల్లో రోజుకి రెండు బిగించేవాళ్ళు. ఈ మూల చూడు, ఏమీ అరగలేదు. ఈ మూల ఎవరూ వాడలేదు."

చనిపోయిన మనుషులందరూ ఒక్కొక్కరే ఆ నల్లటి మచ్చలోంచి ఆయనకు కనిపిస్తున్నారు. తర్వాతి పొరకు సింప్లీసియో పోయాడు. ఆ తర్వాతి పొరకు పొడుగు గుంట కూడా పోయింది.

చివరి పొర మరుసటి రోజు. అది ఆగకుండా తియ్యాలి. నడుమ ఆగితే ఆ చోట గీత పడుతుంది. ఒక అంచు నుంచి ఇంకో అంచుకు దాదాపు అరగంట. నేను అరవై పళ్ళు తిప్పానో లేదో ఈగ ఒకటి నా కనురెప్ప మీద వాలింది. వాలనిచ్చాను. తర్వాత బయట సైకిలు గంట మోగింది, పోస్టుమాను పిలిచాడు. ఎవరం పలకలేదు. ఇంకోసారి పిలిచాడు, కొట్టం కిటికీలోంచి తల పెట్టాడు, మా ముగ్గురి మొహాలూ చూశాడు. ఏమనుకున్నాడో, కవరు కిటికీ గట్టు మీద పెట్టి, సైకిలు చప్పుడు కాకుండా నడిపించుకుంటూ పోయాడు. ఎవరైనా పోయారనుకున్నాడేమో.

చివరి పన్ను తిప్పాను. టూలు బల్ల దాటి గాలిలోకి వచ్చింది. ఆదెలీనో మోటారు ఆపాడు.

బల్ల మీద ఆకాశం ఉంది. కిటికీలోంచి పడిన ఆకాశమే. పంది కొట్టంలో, నా మోకాలి ఎత్తున. స్టీలు పట్టీ పెట్టి చూశాడు, అటు పెట్టాడు, ఇటు పెట్టాడు, మూలకు మూల పెట్టాడు. కింద నుంచి వెలుగు ఎక్కడా రాలేదు. మామయ్య టోపీ తీశాడు. మేం చూస్తున్నామని గమనించి తల గోక్కున్నాడు.

ఆ కవరు అర్మాందోది. సూప్ దగ్గర ఆదెలీనో ఒక్కసారి పైకి చదివాడు. సెప్టెంబరు ఎనిమిదిన సరిహద్దు దగ్గరి సబుగల్ సంతకు రావాలి, ఫలానా మనిషిని ఫలానా పేరుతో అడగాలి, ఆ మనిషి కొండలు దాటిస్తాడు, ఆదెలీనో రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తారీకు ఒక్కటే నాకు గుర్తుండిపోయింది. అచ్చుకు గస్పార్ మేస్త్రి పెట్టిన గడువు దాని తర్వాత వస్తుంది. అంటే అచ్చు కుదిరిందో లేదో తెలియకుండానే ఆయన తేల్చుకోవాలి.

మరుసటి పొద్దున అచ్చు సగాన్ని కొత్త బల్ల మీద పెట్టాం. ఇనుము బల్ల మీద నాలుగు మూలలా ఆనిందో లేదో తెలుసుకోవడానికి ఆకురాయి వాళ్ళకొక పద్ధతుంది. నాలుగు మూలల కిందా సన్నటి కాగితం ముక్కలు పెట్టి, పైనుంచి తట్టి, ఒక్కో ముక్కను లాగి చూస్తారు. లాగితే వచ్చిందంటే ఆ మూల లేచి ఉన్నట్టు. సిగరెట్టు కాగితం వాడతారు. ఆదెలీనో జేబులు తడుముకున్నాడు. చొక్కా జేబులోంచి కవరు తీశాడు. లోపలి కాగితాన్ని నిలువుగా చింపాడు, దాన్ని మళ్ళీ చింపాడు. నాలుగు ముక్కలు. నీలి సిరా అక్షరాలు సగాలుగా తెగాయి. నాలుగు మూలల కిందా నాలుగూ పెట్టాడు.

"సుత్తి ఇవ్వు" అన్నాడు.

చెక్క సుత్తి ఇచ్చాను. తట్టాడు. ఒక్కో ముక్కనూ లాగాడు. ఏదీ రాలేదు.

"లాగి చూడు నువ్వు కూడా."

నేనూ లాగాను. రాలేదు. అంచు దగ్గర చిరిగి చిన్న ముక్క నా వేళ్ళలో మిగిలింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక ఆప్రాన్‌కు తుడుచుకున్నాను. మోటారు వేశాడు. నేను పన్ను తిప్పాను.

కొలిమి సెప్టెంబరు పన్నెండున వెలిగింది. ఎనిమిది దాటి నాలుగు రోజులయింది. నేనూ వెంట వెళ్ళాను, అచ్చు బరువని చెప్పి. గస్పార్ మేస్త్రి రెండు సగాలనూ కలిపి తలుపు వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. ఊదేవాళ్ళకు ఇచ్చాడు.

మొదటి మూడు జాడీలూ ముడతలు పడ్డాయి. అచ్చు చల్లగా ఉన్నంతసేపు అంతే, అది ఊరందరికీ తెలుసు. అయినా వాటిని గాజుపెంకుల కుప్పలోకి విసిరినప్పుడల్లా ఆదెలీనో భుజాలు అదిరాయి. నాలుగోది అచ్చులోంచి ఎర్రగా వచ్చింది, నిప్పుకణికలా, తేనెలా, తర్వాత పచ్చగా, తర్వాత ఏ రంగూ లేకుండా. నేను గాజు ఊదేవాడి కూతుర్ని. అలా పుట్టే జాడీలు చిన్నప్పటి నుంచి వేలకొద్దీ చూశాను. ఇది పుట్టిన చోటు నాకు తెలుసు, ఆ లోపలి చీకటిని మూసిన గోడ ఒక్కొక్క గీతా నా చెయ్యి తిప్పగా తయారైంది. గోడకు ఆనుకుని అది చల్లారేదాకా చూశాను.

గస్పార్ మేస్త్రి జాడీని తీసుకుని బొటనవేలి గోటితో చుట్టూ గీసి చూశాడు. అచ్చు సగాలు కలిసే అతుకు దగ్గర గోరు ఆగాలి. ఆగలేదు. ఇంకోసారి తిప్పాడు.

"అతుకు ఎటు పక్క పెట్టావయ్యా?"

"వెతుక్కోండి" అన్నాడు ఆదెలీనో.

"నా కళ్ళు పోయాయో, నీకు దయ్యం పట్టిందో." జాడీని ఆయన చేతికిచ్చాడు. "ఇలాంటి అచ్చులు ఇంకో పదకొండు కావాలి. వీటికి ఎవరినైనా పెట్టుకున్నావా?"

"మా ఆవిడ ఉంది."

మేస్త్రి నా వైపు చూశాడు, నా చేతుల వైపు చూశాడు. పోత ఇనుము నలుపు గోళ్ళలోంచి ఎంత కడిగినా పోదు. తల ఊపి, కొలిమి వైపు వెళ్ళిపోయాడు.

పైన్ చెట్ల మధ్య దారిలో ఇంటికి నడిచాం. జాడీ ఇంకా గోరువెచ్చగా ఉంది, ఆదెలీనో దాన్ని రెండు చేతుల్లో పట్టుకున్నాడు. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. సగం దారిలో అడిగాడు.

"రేపు ఎన్నింటికి మొదలుపెడదాం?"

పెళ్ళయిన ఏడేళ్ళలో ఆయన నన్ను అలా అడగడం అదే మొదలు. అప్పటిదాకా చెప్పేవాడు.

"కాఫీ అయ్యాక" అన్నాను.

ఇది రాసినది ఒదీలియా, ఆదెలీనో భార్య. ఇప్పుడు డెబ్బై ఒకటి. ఆయన పోయి పదేళ్ళయింది. నేను వియేరా తీరంలో, సముద్రం వైపు కిటికీ ఉన్న రెండో అంతస్తులో ఉంటున్నాను.